డ్రిల్లు మాష్టారి సున్నపు గీత

ఫిబ్రవరి నెల, రెండో శనివారం. ఆ రోజు పనులు నా పుస్తకంలో ఇలా ఉన్నాయి. పాలు కాచి తోడు పెట్టడం, అయింది. మినప్పప్పు రుబ్బడం, అయింది. దుప్పట్లు రెండు, చీరలు మూడు, పిల్లల బట్టలు ఏడు ఉతికి ఆరేయడం, అయింది. డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టడం, అయింది. బొమ్మల చొక్కాలు మూడు, బొమ్మ చీర ఒకటి కుట్టి పక్కింటి డ్రిల్లు మాష్టారికి ఇవ్వడం, అయింది. మాష్టారితో ఆ మాట చెప్పడం. దీని పక్కన మాత్రం ఏమీ రాయలేదు. సాయంత్రం రాద్దామనుకున్నాను. పదకొండు గంటలు కాకముందే ఆయన పోయారు.

తొమ్మిదింటికి ఆయన గోడ అవతల నిలబడి నాతో మాట్లాడారు. నేను పదే పదే అక్కడికే వస్తున్నాను, మన్నించండి. తొమ్మిదింటికి మాట్లాడిన మనిషి పదకొండింటికి లేకపోవడం ఏమిటో నాకు ఇంకా అర్థం కావడం లేదు. మెడలో ఈల, చేతిలో సున్నప్పొడి డబ్బా. ఎప్పటిలాగే ఖాకీ నిక్కరు, తెల్ల బనీను. నేను గోడ మీదుగా అందించిన బట్టల మూట విప్పి చీర ముక్క పైకెత్తి చూశారు.

"అంచు భలే కుదిరిందమ్మా. మీ చీరదేనా?"

"అవునండీ, చిరిగిపోతే దాచిన ముక్క. ఇంతకీ ఈ చీర ఎవరికండీ? మన బొమ్మల్లో ఆడపిల్లలిద్దరే కదా, ఇద్దరికీ గౌన్లే."

"సాయంత్రం ఆటలో చూద్దురుగాని."

"మాష్టారూ, మీతో ఒక మాట చెప్పాలండీ."

"చెప్పండమ్మా."

ఆయన చెప్పండి అనే అన్నారు. డబ్బా కింద పెట్టి, గోడ మీద మోచేతులు ఆనించి నిలబడ్డారు కూడా. నేనే, "ఇప్పుడు కాదులెండి, సాయంత్రం ఆట అయ్యాక చెప్తాను" అన్నాను. "అట్లాగే, తొందరేముంది" అని మూట లోపల పెట్టొచ్చి, డబ్బా తీసుకుని నది ఒడ్డున ఉన్న ఆటస్థలం వైపు వెళ్ళారు.

పావు తక్కువ పదకొండుకి నది కరకట్ట మీద ఉండే పిల్ల రూతు మా గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది. మోచేతుల దాకా సున్నం. "అమ్మగారండీ, నీళ్ళివ్వండి. మాష్టారు గీత గీస్తా గీస్తా కూర్చున్నారండీ. లెగవట్లేదండీ." నేను చెంబుతో పరిగెత్తాను. డబ్బా దొర్లి ఉంది. బరి మధ్య నుంచి మొదలైన తెల్లటి గీత తిన్నగా సాగి, సగంలో ఆగిపోయింది. గీత ఆగిన చోటే ఆయన పక్కకు ఒరిగి ఉన్నారు. ఎవరో సైకిలు మీద వెళ్ళి డాక్టరుని తీసుకొచ్చారు. గుండె అన్నారాయన.

మీలో ఆయన్ని ఎరిగినవాళ్ళు కొద్దిమందే ఉంటారు. బడిలో డ్రిల్లు నేర్పి నేర్పి రిటైరయ్యి, భార్యతో భవానీపురంలో మా పక్కింట్లో అద్దెకు దిగారు. ఆదివారం పొద్దున చర్చిలో పిల్లలకు పాఠం చెప్పేవారు. శనివారం సాయంత్రం మాత్రం ఏ మతమైనా, ఏ వీధైనా పిల్లలందరూ ఆయన వాకిట్లోనే ఉండేవారు. వాకిట్లో నులకమంచం అడ్డంగా నిలబెట్టి, దాని మీద పాత దుప్పటి కప్పేవారు. అదే తెర. మంచం వెనక పిల్లలు కూర్చుని చేతులకు బొమ్మలు తొడుక్కుని పైకెత్తితే అదే నాటకం.

బొమ్మల తలలు కొండపల్లి నుంచి వచ్చేవి. నెలకోసారి బస్సెక్కి వెళ్ళి, బొమ్మలు చేసేవాళ్ళ ఇళ్ళలో చెవి విరిగిందనో, ముక్కు వంకరపోయిందనో పక్కన పడేసిన తేలికపాటి పొణికి కర్ర తలలు ఏరుకొచ్చేవారు. కొండపల్లి వాళ్ళు మంచివి ఇస్తామన్నా తీసుకునేవారు కాదు. "వంకర ముక్కుతో చక్కగా ఆడితే అది కదయ్యా ఆట" అనేవారట. వాటికి రంగు వేసుకునేది ఆయనే. కింద తొడుక్కునే చొక్కాలు కుట్టింది నేను. ఏ బొమ్మకి ఏ గుడ్డ ఎంత పట్టిందో నా పుస్తకంలో ఉంది.

ఇదంతా ఒక్క మాటతో మొదలైంది. తొండి. మా వీధి పిల్లలూ, కరకట్ట మీద ఇసుక పడవల వాళ్ళ పిల్లలూ నది ఒడ్డున చెడుగుడు ఆడేవారు. తాకావంటే తాకలేదు, కూత ఆగిందంటే ఆగలేదు, నువ్వు తొండి అంటే నువ్వే తొండి. ఒకరోజు రాళ్ళదాకా వచ్చింది. మాష్టారు వెళ్ళి విడదీసి, అందరినీ వరసగా నిలబెట్టి అరగంట హితబోధ చేశారు. పిల్లలు తలలూపి, ఆయన వెనక్కి తిరగ్గానే మళ్ళీ మొదలుపెట్టారు. ఆ సాయంత్రం ఆయన గోడ దగ్గర నవ్వుతూ చెప్పారు. "ముప్పై ఏళ్ళ అలవాటమ్మా, నిలబెట్టి చెప్పడం. నేను చెప్తే చెవిదాకా పోతుంది. వాళ్ళ నోటితో వాళ్ళే చెప్పుకుంటే గానీ లోపలికి పోదు."

అక్కడి నుంచి ఆయన పద్ధతి వేరు. ఆటస్థలంలో తగువు పడితే అక్కడ తీర్పు చెప్పేవారు కాదు. "శనివారం చూసుకుందాం" అని ఈల ఊదేవారు. శనివారం ఆ తగువే నాటకం. అయితే ఎవరి బొమ్మ వాళ్ళకివ్వరు. తొండి అని అరిచిన పిల్ల చేతికి అవతలి పిల్ల బొమ్మ, అనిపించుకున్న పిల్ల చేతికి అరిచిన పిల్ల బొమ్మ. అవతలివాళ్ళ మాటలు మనం అనాలి, మన మాటలు అవతలివాళ్ళు అంటుంటే వినాలి.

ఒక బొమ్మ మాత్రం ఎవరిదీ కాదు. దాని కుడిచేతిలో విరిగిన గొడుగు ఊచ ఉండేది. కింద నుంచి నొక్కితే చెయ్యి పైకి లేచేది. పిల్లలు దాన్ని చెయ్యెత్తే బొమ్మ అనేవారు. ఎవరూ అడక్కముందే, నన్ను తాకారు, నేను అవుటు అని తనంతట అదే చెయ్యెత్తేది. అది చెయ్యెత్తినప్పుడల్లా పిల్లలు చప్పట్లు కొట్టాలి. పాయింటు వచ్చినవాడికి కొట్టకపోయినా ఫరవాలేదు గానీ, దానికి కొట్టకపోతే మాష్టారు నాటకం ఆపేసేవారు. కొన్నాళ్ళకు ఆటస్థలంలో కూడా పిల్లలు వాళ్ళంతట వాళ్ళే చెయ్యెత్తడం మొదలుపెట్టారు. మొదటిసారి చూసి నేను నమ్మలేదు. ఇసుక పడవ నడిపే అతని కొడుకొకడు, ఎవరూ చూడలేదు, తప్పించుకుపోవచ్చు, అయినా చెయ్యెత్తి బయటికి వచ్చి కూర్చున్నాడు.

నాటకం అయ్యాక బొమ్మలన్నీ ఆకుపచ్చ ఇనప పెట్టెలో సర్దేవారు. పోట్లాడుకున్న బొమ్మలు రెండూ పక్కపక్కన, ఎదురెదురు ముఖాలతో పడుకోవాలి. ఏ బొమ్మనీ ఒంటరిగా వదలకూడదు. "పొద్దున లేచేసరికి వాళ్ళే మాట్లాడుకుంటారు" అనేవారు.

మా అమ్మాయి లలితకీ రూతుకీ ఒకసారి తగువొచ్చింది. రూతు చీలమండ పట్టుకుందట, లలిత పట్టుకోలేదందట. "కట్టమీద పిల్లలంతా తొండే" అని అరిచిందట. ఆ శనివారం నేను బొమ్మ చొక్కాకి గుండీ కుడుతూ వాకిట్లోనే కూర్చున్నాను. రూతు చేతికి లలిత బొమ్మ వచ్చింది. అది తెర పైకి రావడంతోనే జడ ఇటొకసారి అటొకసారి విసిరింది. "అమ్మా! కొత్త గౌను మాసిపోయింది చూడవే! కట్టమీద వాళ్ళు పట్టేసుకున్నారే!" అచ్చం లలిత గొంతు. మా ఆయనతో సహా అందరూ పగలబడి నవ్వారు. తెర వెనక లలిత మూతి ముడిచి ఉంటుందని నాకు తెలుసు.

మాష్టారు పక్కనుంచి అందించారు. "ఆటాడి ఆడి ఇద్దరికీ దాహం వేసిందటర్రా."

రూతు చేతిలోని బొమ్మ, "అమ్మా, మంచినీళ్ళు" అని గంతులేస్తూ లోపలికి వెళ్ళింది. లలిత చేతిలోని రూతు బొమ్మ, "నాక్కూడా ఇవ్వండి" అంది. దానికి రూతు మామూలుగా, ఏ ఎత్తిపొడుపూ లేకుండా, "నీ గ్లాసు కిటికీలో ఉందిగా, తెచ్చుకో" అంది.

ఎవరూ నవ్వలేదు. లలిత చేతిలో బొమ్మ తల వాలిపోయింది. ఆ పిల్ల నన్ను అనాలని అనలేదు. మా ఇంట్లో ఎట్లా జరుగుతుందో అట్లా ఆడింది, అంతే. కట్టమీద పిల్లలకు నీళ్ళు పోయడానికి ఒక గ్లాసు విడిగా కిటికీలో పెట్టింది నేను. సూది గుచ్చుకుని నా వేలి నుంచి రక్తం వచ్చింది. మాష్టారు నావైపు చూడనే లేదు. "ఊఁ, ఆట సాగించండిరా" అన్నారు.

మర్నాడు ఆ గ్లాసు తోమి లోపలి గ్లాసుల్లో పెట్టేశాను. ఇప్పుడు అది ఏదో నేను కూడా గుర్తుపట్టలేను.

ఆ విషయం ఆయన ఏనాడూ ఎత్తలేదు. రెండు రోజులాగి గోడ దగ్గరికి వచ్చి, "అమ్మా, మన పిల్లల ఆటకు పాయింట్లు రాసే మనిషి కావాలి. మీ అంత ఒద్దికగా రాసేవాళ్ళు ఈ వీధిలో లేరు" అన్నారు. మా ఆయన ఆటోనగర్‌లో స్పేరుపార్టుల కొట్టు చూసుకుంటారు. ఆయన భోజనం దగ్గర, "ఇంకేం, ఇంట్లో కందిపప్పు గింజలు కూడా లెక్క తప్పవు, ఇక కూతలు కూడా లెక్కే" అని ఆటపట్టించారు. నాకు మాత్రం గర్వంగానే ఉంది. నా లెక్క తప్పదని నాకు ఎంత నమ్మకమో చెప్పలేను.

ఇప్పుడు చెప్పవలసిన మాట చెప్తాను.

జనవరిలో ఒక శనివారం మా వీధికీ కట్టమీది వాళ్ళకీ పెద్ద ఆట జరిగింది. గెలిచిన జట్టుకు కప్పులూ గిప్పులూ లేవు. ఓడినవాళ్ళకు నిమ్మకాయ నీళ్ళు కలిపి వాళ్ళ చేతికివ్వడం గెలిచినవాళ్ళ పని. ఇంకొకటి, బొమ్మల పెట్టె ఆరు నెలలు గెలిచినవాళ్ళ వీధిలో ఉంటుంది. పిల్లలకు అదే పెద్ద గొప్ప. పెట్టె ఎక్కడ ఉంటే నాటకం అక్కడే. అప్పటిదాకా అది మాష్టారింట్లోనే ఉండేది కాబట్టి, కట్ట మీద నాటకం ఎప్పుడూ జరగలేదు.

పుస్తకంలో రెండు గళ్ళు గీసుకున్నాను. ఒకటి నదివైపు, ఒకటి రోడ్డువైపు. జట్ల పేర్లు రాసి ఉంటే ఈ గొడవే లేదు. నిలబడిన వైపును బట్టి రాయడం తేలిక అనుకున్నాను. మొదట కట్టమీద జట్టు నదివైపు, మా వీధి జట్టు రోడ్డువైపు. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారతాయి, అప్పుడు అడ్డగీత కొట్టి గళ్ళ పేర్లు మార్చాలని ముందే అనుకున్నాను. కానీ ఆ విరామంలో నిమ్మకాయలు పిండుతూ కూర్చున్నాను. ఈల వినబడి పుస్తకం అందుకునేసరికి రూతు కూతకు వెళ్ళి, ఒకరిని తాకి, తిరిగి తన వైపుకు, అంటే ఇప్పుడు రోడ్డువైపుకు, వచ్చేసింది. నేను రోడ్డువైపు గడిలో పాయింటు వేసి, పక్కన చిన్నగా రూ అని రాశాను. అప్పుడు గుర్తొచ్చి, దాని కింద అడ్డగీత కొట్టి పేర్లు మార్చాను. గీతకు పైన పడిన ఆ పాయింటు మా వీధి లెక్కలోకి వెళ్ళింది.

చివరికి మా వీధికి పన్నెండు, కట్టమీద వాళ్ళకు పదకొండు అని చదివాను. రూతు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ, "మాష్టారండీ, మాకింకోటి ఉండాలి కదండీ?" అంది.

మాష్టారు నావైపు చూశారు. "పుస్తకం అమ్మగారి దగ్గరుంది. అమ్మా, ఒకసారి చూస్తారా?"

నేను చూడలేదు. నిజంగా చూడలేదు. పుస్తకం మూసి, "నా లెక్క తప్పదండీ" అన్నాను.

"అయితే అంతే" అన్నారు మాష్టారు. రూతు వాళ్ళ జట్టును తీసుకొచ్చి వరసగా మా పిల్లలకు దణ్ణం పెట్టించింది. మాష్టారు నేర్పినట్టే పెట్టించింది. లలిత దానికి నిమ్మకాయ నీళ్ళిచ్చింది. ఆకుపచ్చ పెట్టె మా ఇంటికొచ్చి, కుట్టు మిషను పక్కన కూర్చుంది.

సోమవారం నాడు లెక్కను మంచి పుస్తకంలోకి ఎక్కిస్తుంటే ఆ రూ కనిపించింది. రూతు తెచ్చిన పాయింటు మా గడిలో ఎందుకుందని మూడుసార్లు చూశాను. ఒకటి ఇటు తీసి అటు వేస్తే మాకు పదకొండు, వాళ్ళకు పన్నెండు. పుస్తకం మూసేశాను. లలిత పెట్టె మీద బొట్టుబిళ్ళ అంటించి మురిసిపోతోంది. దానికెట్లా చెప్పను? నా లెక్క తప్పదని అంతమందిలో అన్న నోటితో మాష్టారికెట్లా చెప్పను? ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అని రోజులు గడిచిపోయాయి. మిషను మీద కూర్చున్నప్పుడల్లా కాలికి ఆ పెట్టె తగిలేది. చివరికి ఆ రెండో శనివారం చెప్పి తీరాలని పనుల్లో రాసుకున్నాను. మిగతాది మీకు ముందే చెప్పాను.

ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని సమాధి చేశారు. కట్టమీది పిల్లలూ మా వీధి పిల్లలూ కలిసే నడిచారు. కుర్రాళ్ళెవరో పెట్టెలోంచి చెయ్యెత్తే బొమ్మను తెచ్చి, శవపేటికలో ఆయన పక్కన పెడదామన్నారు. ఆయన భార్య, నేను అక్కయ్యగారూ అని పిలిచే ఆవిడ, అప్పుడు తలెత్తారు. "వద్దయ్యా. ఆ బొమ్మకు తోడెవరున్నారక్కడ? మిగతా బొమ్మలన్నీ ఇక్కడే ఉన్నాయి కదా. ఒంటరిగా పడుకోబెడితే ఆయన ఊరుకోరు" అన్నారు. బొమ్మను నా చేతికిచ్చారు. ఆ బొమ్మను పట్టుకుని నేను అక్కడ ఎట్లా నిలబడ్డానో నాకే తెలియదు.

మంగళవారం ఆవిడ గోడ దగ్గరికి పిలిచి ఒక గుడ్డ సంచీ ఇచ్చారు. "మీరు కుట్టినవన్నీ ఇందులోనే ఉన్నాయమ్మా. పెట్టె మీ ఇంట్లోనే ఉంది కదా, సర్దేయండి. కొత్త బొమ్మ కూడా ఉంది, శుక్రవారమే రంగు ఆరింది. ఆ శనివారం పొద్దున మీరిచ్చిన చీర కట్టి చూసుకునే ఆయన గ్రౌండుకు వెళ్ళారు."

సంచీలోంచి తీశాను. ఆడమనిషి బొమ్మ. వెనక ముడి. సన్నటి తీగతో చేసిన కళ్ళద్దాలు, ముక్కు మీదికి జారి ఉన్నాయి. నాకు జారినట్టే. ఎడమచేతిలో అగ్గిపెట్టె అట్టతో చేసిన బుల్లి పుస్తకం. నా నీలం చీర, ఎర్ర అంచు. కుడిచెయ్యి కింద వేలు పెట్టి చూస్తే ఊచ తగిలింది. నొక్కితే చెయ్యి పైకి లేచింది.

"దీనికి ఊచ ఎందుకండీ అక్కయ్యగారూ?"

"నేనూ అడిగానమ్మా. లెక్కలు రాసే ఆవిడ బొమ్మ కదా, పుస్తకం చాలదా అన్నాను. 'ఉండనీ, చెయ్యన్నాక లేవాలి కదా' అన్నారు. ఆయన మాటలు మీకు తెలుసుగా."

నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. రూతు అడిగిన రోజునే ఆయనకు అర్థమైపోయిందా? అర్థమై, నేనే చెబుతానని ఇన్నాళ్ళూ ఊరుకున్నారా? లేక, మన పక్కింటావిడ ఇన్ని చొక్కాలు కుట్టింది, ఆవిడ బొమ్మ కూడా ఒకటి ఉండాలని సరదాకి చేశారా? ఆ సాయంత్రం ఆటలో ఆ బొమ్మ ఎవరి చేతికి ఇవ్వాలనుకున్నారు? అడగడానికి మనిషి లేడు. గోడ ఉంది, గోడ మీద ఆయన మోచేతులు ఆనించిన చోటు ఉంది. అంత ఆరోగ్యంగా ఉన్న మనిషి, నిన్నగాక మొన్న పిల్లలతో గుంజీలు తీసిన మనిషి, నేను సాయంత్రం అంటే తొందరేముంది అని వెళ్ళి ఇక రాలేదు.

ఆ తర్వాతి శనివారం నాటకం ఉండదని పిల్లలు అనుకున్నారు. నేనే నులకమంచం అడిగి తెచ్చి మా వాకిట్లో నిలబెట్టాను. దుప్పటి కప్పాను. లలితను పంపి కట్టమీది వాళ్ళందరినీ పిలిపించాను. అక్కయ్యగారిని ముందు వరసలో కూర్చోబెట్టాను. పిల్లల్ని కూడా ముందే కూర్చోబెట్టి, తెర వెనక్కి నేను వెళ్ళాను. అన్ని చొక్కాలు కుట్టాను గానీ ఒక్క బొమ్మనూ చేతికి తొడుక్కోలేదు ఎప్పుడూ. మోకాళ్ళ మీద కూర్చోవడం కూడా చేతకాలేదు.

కళ్ళద్దాల బొమ్మను పైకెత్తాను. ముందు కిసుక్కున ఎవరో నవ్వారు. "అమ్మగారే! అమ్మగారి చీరే!" అని గుసగుసలు. నేను గొంతు మార్చలేదు, మార్చడం రాదు. నదివైపు గడి, రోడ్డువైపు గడి, నిమ్మకాయలు, అడ్డగీత, అన్నీ వరసగా చెప్పాను. రూతు అడిగినప్పుడు పుస్తకం చూడకుండా మూశానని చెప్పాను. సోమవారమే తెలిసినా ఇన్నాళ్ళు దాచానని చెప్పాను. ఆట కట్టమీద వాళ్ళదే అన్నాను. తర్వాత ఊచ నొక్కాను. చెయ్యి లేచింది.

చప్పట్లు లేవు. దించడానికి కూడా భయం వేసి బొమ్మ చేతిని అట్లాగే పట్టుకున్నాను. ముందు లలిత గొంతు వినబడింది. "అమ్మా, నువ్వు తొండి చేశావా?" ఏడుపు గొంతు.

"చేశానే" అన్నాను తెర వెనకనుంచి.

దాని తర్వాత రూతు గొంతు. "నేనప్పుడే చెప్పాగా అమ్మగారండీ! వేళ్ళు మడిచి మరీ చెప్పా!" పిల్లలు గొల్లుమని నవ్వారు. ఆ నవ్వులోనే ఎవరో చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. నిదానంగా, ఒక్కొక్కటే. దుప్పటి చిరుగులోంచి చూశాను. అక్కయ్యగారు.

లలిత ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు. కానీ బొమ్మలు సర్దేటప్పుడు వచ్చి, కళ్ళద్దాల బొమ్మను నా చేతిలోంచి లాక్కుని రూతు బొమ్మ పక్కన, ఎదురెదురు ముఖాలతో పడుకోబెట్టింది. పెట్టె మీద అంటించిన బొట్టుబిళ్ళ గోటితో గీకేసింది. ఒక పిడి అది పట్టుకుంది, రెండో పిడి రూతు పట్టుకుంది. ఇద్దరూ వంగిపోతూ, దింపుకుంటూ, "నువ్వు సరిగ్గా ఎత్తవే" "నువ్వే ఎత్తట్లా" అని దెప్పుకుంటూ కరకట్ట దారి పట్టారు. వెనక నేను నడిచాను. దారి ఆటస్థలం మీదుగానే.

వారం రోజులుగా పిల్లలు ఆ బరిలో ఆడలేదు. సగం గీతను ఎవరూ తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళేవారు. ఆ రోజు రూతు పెట్టె దించి, మాష్టారి సున్నం డబ్బా వెతికి తెచ్చింది. ఇద్దరూ చెరో చెయ్యి వేసి, మాష్టారి గీత ఆగిన చోటు నుంచి అవతలి అంచు దాకా సున్నం పోసుకుంటూ వెళ్ళారు. ఆయన గీత దారం పట్టినట్టు ఉంటుంది. వీళ్ళది వంకర. ఆయనది ఎక్కడ ఆగిందో, వీళ్ళది ఎక్కడ మొదలైందో దూరం నుంచి కూడా తెలుస్తోంది. ఇంకో వాన పడేదాకా అట్లాగే ఉంటుంది.

ఇంటికొచ్చి పుస్తకం తెరిచాను. రెండో శనివారం పేజీలో, మాష్టారితో ఆ మాట చెప్పడం అన్నచోట, ఖాళీని ఖాళీగానే ఉంచాను. అందులో రాయడానికి ఇక ఏమీ లేదు. దాని కింద ఇంకో వరస రాశాను.

కట్టమీద జట్టుకు బాకీ: ఒక పాయింటు, ఒక పెట్టె. తీరింది.